వింతగా తిరిగే బొంగరాన్ని డిజైన్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మామూలు బొంగరానికీ, వింతగా తిరిగే బొంగరానికీ తేడా ఎక్కడ వస్తుంది?

రెండు చోట్ల వస్తుంది. బరువు లోపల ఎలా పరుచుకుని ఉంది, బొంగరం నేలకు ఎక్కడ ఎలా ఆనుతోంది. పైకి కనిపించే ఆకారం, రంగులు, నగిషీలు అన్నీ వీటి తర్వాతే. మామూలు బొంగరానికి మొన సన్నగా, సరిగ్గా అక్షం మీద ఉంటుంది. అందువల్ల నేల ఘర్షణ మెల్లగా వేగాన్ని తినేయడం తప్ప పెద్దగా ఏమీ చేయదు. మొన తీసేసి గుండ్రటి అడుగు పెట్టి చూడండి. బొంగరం కాస్త వంగగానే ఆనే చోటు అక్షం నుంచి పక్కకు జరుగుతుంది. అక్కడ జారుడు మొదలవుతుంది. ఆ జారుడు వల్ల పుట్టే ఘర్షణ బొంగరం అక్షాన్నే మెల్లగా పైకి లేపుతుంది. తలకిందులయ్యే బొంగరం, బల్ల మీద పడుకోబెట్టి గట్టిగా తిప్పితే నిటారుగా లేచే ఉడికించిన గుడ్డు, రెండింటి వెనకా ఉన్నది ఇదే.

కాబట్టి ఘర్షణను వీలైనంత తగ్గించాలనే ఆలోచనతో మొదలుపెట్టకండి. ఎక్కువసేపు తిరగాలంటే అది శత్రువే. కానీ వింత కావాలంటే పని చేసి పెట్టేది అదే.

మొదటిసారి చేసేవాళ్లు ఏ రకంతో మొదలుపెడితే మంచిది?

తలకిందులయ్యే బొంగరంతో. దీన్ని టిప్పీ టాప్ అంటారు. గోళంలో పైభాగం కొంత కోసేసి, లోపల గుల్ల చేసి, మధ్యలో చిన్న కాడ పెడితే చాలు. కొలతల్లో కొంచెం అటూ ఇటూ అయినా పని చేస్తుంది, తప్పు జరిగితే ఏది తప్పో దాని తీరే చెప్పేస్తుంది. రాటిల్‌బ్యాక్, అంటే ఒక వైపు తిప్పితే తిరిగి రెండో వైపు తిప్పితే వెనక్కి మళ్లేది, రెండో మెట్టు. అయస్కాంతాలతో గాలిలో తేలే బొంగరం మాత్రం మొదటి ప్రయత్నంగా వద్దు, ఎందుకో కింద చెప్పాను.

బొంగరం పడిపోకుండా నిటారుగా నిలబడాలంటే కనీసం ఎంత వేగం కావాలి?

దీనికి కచ్చితమైన సూత్రం ఉంది, వింత బొంగరాల జోలికి పోయే ముందు ఇది చేతికి రావాలి. మొన దగ్గర నుంచి గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టు అనుకోగల బిందువు) ఎత్తు, బరువు, గురుత్వ త్వరణం, మొన చుట్టూ అడ్డంగా ఉండే జడత్వ భ్రామకం (ఒక అక్షం చుట్టూ తిప్పడానికి వస్తువు ఎంత మొరాయిస్తుందో చెప్పే కొలత), ఈ నాలుగింటినీ గుణించి వర్గమూలం తీసి రెట్టింపు చేయండి. దాన్ని బొంగరం సొంత అక్షం చుట్టూ ఉండే జడత్వ భ్రామకంతో భాగించండి. వచ్చేది సెకనుకు రేడియన్లలో కనీస వేగం, దాన్ని 6.28తో భాగిస్తే సెకనుకు చుట్లు.

లెక్క వేసి చూద్దాం. 2 సెం.మీ. వ్యాసార్థం ఉన్న పల్చటి బిళ్ల, దాని మధ్యలో పుల్ల, బిళ్ల మొనకు 1.5 సెం.మీ. ఎత్తులో ఉంది అనుకోండి. పుల్ల బరువు వదిలేద్దాం. కనీస వేగం సెకనుకు దాదాపు 11 చుట్లు వస్తుంది. అదే బిళ్లను 0.75 సెం.మీ. ఎత్తుకు దించితే 5.4 చుట్లు చాలు. ఎత్తు సగం చేస్తే కావలసిన వేగం కూడా దాదాపు సగానికి పడిపోయింది. పొట్టి బొంగరాలు వేగం తగ్గాక కూడా చాలాసేపు నిలబడటానికి కారణం ఇదే.

బరువు పెంచితే ఎక్కువసేపు తిరుగుతుందా?

పై లెక్కలో ఒక విషయం గమనించారా? బిళ్ల బరువు ఎంతో చెప్పనే లేదు. భాగహారంలో పైనా కిందా బరువు ఉండి కొట్టుకుపోతుంది. అంటే నిలబడటానికి కావలసిన కనీస వేగం బరువు మీద ఆధారపడదు, అది ఎలా పరుచుకుని ఉందన్నదాని మీదే ఆధారపడుతుంది. బరువు వల్ల లాభం గాలి విషయంలో ఉంది. ఒకే సైజులో ఇత్తడి బొంగరాన్నీ ప్లాస్టిక్ బొంగరాన్నీ ఒకే వేగంతో తిప్పితే గాలి నిరోధం రెండింటికీ దాదాపు సమానమే, కానీ ఇత్తడి దానిలో దాచుకున్న శక్తి ఎక్కువ కాబట్టి అది నెమ్మదిగా అలసిపోతుంది. ఉన్న బరువును అంచుకు జరపండి. బరువు పెంచడం కన్నా అదే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

తలకిందులయ్యే బొంగరం ఎలా పని చేస్తుంది? ఏ కొలతలు చూసుకోవాలి?

జర్మనీలోని మ్యూనిక్‌కు చెందిన హెలెనా స్పెర్ల్ పేరిట 1891లోనే దీనికి పేటెంట్ ఉంది. 1950ల్లో డెన్మార్క్ ఇంజనీరు వెర్నర్ ఓస్ట్‌బర్గ్ దీన్ని మళ్లీ మార్కెట్లోకి తెచ్చాక పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే దీని వెంట పడ్డారు. నీల్స్ బోర్, వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఇద్దరూ నడుం వంచి నేల మీద తిరుగుతున్న ఈ బొంగరాన్ని చూస్తున్న ఫొటో భౌతికశాస్త్రం చదివేవాళ్లందరికీ తెలిసిందే. గరిమనాభి దానంతట అదే పైకి ఎలా లేస్తుందన్నది ప్రశ్న. 1952లో బ్రామ్స్, హ్యూగన్‌హోల్ట్స్ విడివిడిగా జవాబు ఇచ్చారు: నేల మీద జారే ఘర్షణే ఆ పని చేస్తుంది. పైకి లేవడానికి కావలసిన శక్తి తిరిగే వేగంలోంచి వస్తుంది.

డిజైన్‌కు వస్తే రెండే అంకెలు గుర్తుంచుకోండి. మొదటిది, గోళం కేంద్రానికి గరిమనాభి ఎంత కిందికి ఉందో ఆ దూరాన్ని గోళం వ్యాసార్థంతో భాగిస్తే వచ్చేది. దీన్ని జరుగుడు అందాం. రెండోది, గరిమనాభి గుండా అడ్డంగా ఉండే జడత్వ భ్రామకాన్ని నిలువు అక్షం చుట్టూ ఉండే జడత్వ భ్రామకంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. ఈ నిష్పత్తి, 1లోంచి జరుగుడు తీసేస్తే వచ్చేదానికీ, 1కి జరుగుడు కలిపితే వచ్చేదానికీ మధ్యలో ఉండాలి.

ఉదాహరణకు వ్యాసార్థం 15 మి.మీ., గరిమనాభి 3 మి.మీ. కింద. జరుగుడు 0.2. అప్పుడు నిష్పత్తి 0.8 నుంచి 1.2 లోపల పడాలి. గుల్ల గోళానికి సహజంగానే ఇది 1 దగ్గర్లో ఉంటుంది, అందుకే ఈ బొమ్మ తేలిగ్గా కుదురుతుంది.

వేగం కూడా లెక్కగానే తగ్గుతుంది. తలకిందులయ్యాక వేగం మొదటి వేగంలో 0.8ని 1.2తో భాగించినంత, అంటే మూడింట రెండు వంతులు మిగులుతుంది. 1872లో జెలెట్ ఘర్షణ మీద రాసిన గ్రంథంలోంచి వచ్చిన స్థిరరాశి ఒకటి ఉంది, ఈ లెక్క దాని నుంచే వస్తుంది. ఘర్షణ ఎంత ఉన్నా ఆ రాశి మారకపోవడం నాకు ఇప్పటికీ ఎంతో అందంగా అనిపిస్తుంది. ఈ కొలతలకు శక్తి లెక్క ప్రకారం సెకనుకు కనీసం 8 చుట్లు ఉండాలి. నిజంగా చేసేటప్పుడు అంతకు రెట్టింపు వేగానికి సిద్ధంగా ఉండండి, లేదంటే దారిలోనే ఊపు అయిపోతుంది.

నాది తలకిందులవ్వడం లేదు. ఏం చేయాలి?

అది ఎలా ఫెయిల్ అవుతోందో ముందు చూడండి. అసలు వంగడమే లేదు, కదలకుండా తిరుగుతూ ఉంది అంటే నిష్పత్తి మరీ తక్కువ. బొంగరం చదునుగా ఉంది, నడుము దగ్గర బరువు ఎక్కువైంది. అంచు పల్చన చేయండి. వంగడం మొదలుపెట్టి, సగంలో ఒక వాలు దగ్గర ఇరుక్కుని అలాగే తిరుగుతోంది అంటే నిష్పత్తి మరీ ఎక్కువ. బొంగరం నిలువుగా సాగి ఉంది. ఎక్కువగా దీనికి కారణం పొడవాటి, బరువైన కాడ. కాడను పొట్టిగా చేయండి లేదా గుల్లగా చేయండి.

ఈ రెండూ కాక, గోళం మీద నుంచి కాడ మీదికి మారే చోట తట్టుకుని పడిపోతుంటే, కోసిన అంచును గీతలా వదిలేశారన్నమాట. అక్కడ గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దండి. కాడ కొన కూడా గుండ్రంగా ఉండాలి. చివరిగా నేల చూడండి. నూనె తగిలిన గాజు మీద ఘర్షణ చాలదు, మెత్తటి గుడ్డ మీద ఘర్షణ ఎక్కువై వేగం చచ్చిపోతుంది. నున్నటి చెక్క బల్ల మంచిది.

తలకిందులైనప్పుడు తిరిగే దిశ మారుతుందా?

పైనుంచి చూసేవాళ్లకు మారదు. కానీ బొంగరం తల కిందికి వెళ్లింది కాబట్టి, దాని ఒంటి మీద గీసిన బాణం గుర్తుతో పోలిస్తే ఇప్పుడు ఎదురు దిశలో తిరుగుతోంది. మధ్యలో, అడ్డంగా పడుకున్న దశలో, దాని సొంత అక్షం చుట్టూ తిరగడం ఒక క్షణం ఆగిపోతుంది. గోళం మీద రంగు చుక్కలు పెట్టి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే ఆ క్షణం స్పష్టంగా దొరుకుతుంది. పిల్లలకు చూపించడానికి దీన్ని మించింది లేదు.

ఒక వైపు తిప్పితే హాయిగా తిరిగి, రెండో వైపు తిప్పితే వణికి వెనక్కి తిరిగేది ఎలా చేయాలి?

అదే రాటిల్‌బ్యాక్. పడవ ఆకారంలో ఉండే ఈ వస్తువు గణితాన్ని 1890ల్లో మొదట గట్టిగా తేల్చినవాడు గిల్బర్ట్ వాకర్. ఈయనే ఆ తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చి, రుతుపవనాల మీద పని చేస్తూ దక్షిణ డోలనాన్ని (పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద గాలి పీడనం ఊయలలా అటూ ఇటూ మారడాన్ని) గుర్తించాడు.

మూడు షరతులు కలవాలి. అడుగు రెండు దిశల్లో రెండు రకాల వంపుతో ఉండాలి: పొడవునా చదునైన వంపు, అడ్డంగా ఎక్కువ వంపు. బరువు పరుచుకోవడంలో కూడా పొడవు, అడ్డం దిశలకు తేడా ఉండాలి. మూడోది అసలైనది. వంపుల అక్షాలూ బరువు అక్షాలూ ఒకదాని మీద ఒకటి పడకుండా, ఒకదానికొకటి కొద్దిగా మెలిక తిరిగి ఉండాలి. ఈ చిన్న మెలిక వల్ల గిరగిరా తిరగడం, ముందుకు వెనక్కి ఊగడం రెండూ ముడిపడతాయి. తప్పు దిశలో తిప్పితే తిరిగే శక్తి ఊగడంలోకి పోతుంది, తర్వాత ఆ ఊగడం ఎదురు దిశలో తిరగడంగా మారుతుంది.

ఇంట్లో చేయడానికి సుళువైన పద్ధతి: అడుగు సమంగా ఉండే పడవ ఆకారం ఒకటి చేసి, పై చదును మీద రెండు కొసల్లో చిన్న అడ్డపట్టీలు పెట్టి, వాటి మీద ఒకే బరువున్న రెండు నట్లు అమర్చండి. ఒకటి ఎడమకు, ఎదురు కొసలోది కుడికి జరపండి. నట్లను నెమ్మదిగా జరుపుతూ ప్రతిసారీ తిప్పి చూడండి. రెండూ మధ్యలో ఉన్నప్పుడు ఏ వింతా ఉండదు. కొద్దిగా జరిపితే వణుకు మొదలవుతుంది. ఇంకొంచెం జరిపితే ఆగి, ఊగి, వెనక్కి తిరుగుతుంది. రెండు నట్లనూ అద్దంలో ప్రతిబింబంలా ఎదురు పక్కలకు మారిస్తే ఇష్టపడే దిశ కూడా మారిపోతుంది. బరువు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త: గరిమనాభి ఎత్తు రెండు వంపుల వ్యాసార్థాలకన్నా తక్కువగా ఉండాలి, లేదంటే ఊగకుండా ఒరిగిపోతుంది.

ఇక్కడ అడుగు జారకూడదు, పట్టు ఉండాలి. టిప్పీ టాప్‌కు కావలసింది జారుడు, దీనికి కావలసింది పట్టు. ఒకే బల్ల మీద రెండూ బాగా ఆడకపోతే ఆశ్చర్యపోకండి.

ఏ ఆకారాన్నైనా బొంగరంగా మార్చవచ్చా? ఏనుగు బొమ్మనో, పక్షి బొమ్మనో?

చాలావరకు మార్చవచ్చు. 2014లో జ్యూరిక్ ఈటీహెచ్, డిస్నీ రీసెర్చ్ పరిశోధకులు దీని మీదే పని చేశారు. పైకి ఆకారం మార్చకుండా, లోపల ఎక్కడ గుల్ల చేయాలో కంప్యూటర్‌తో లెక్కగట్టి, వంకరటింకర బొమ్మలను కూడా తిప్పి చూపించారు. సూత్రం ఇది: గరిమనాభి తిరిగే అక్షం మీదకు రావాలి, ఆ అక్షం బొమ్మ ముఖ్య జడత్వ అక్షాల్లో (వణకకుండా తిరగగల అక్షాల్లో) ఒకటి కావాలి, దాని చుట్టూ ఉండే భ్రామకమే అన్నిటికన్నా ఎక్కువ కావాలి. మొదటిది ఒక్కటే చూసుకుని ఆగిపోవడం అందరూ చేసే పొరపాటు. గరిమనాభి సరిగ్గా ఉన్నా, ఎడమ పక్క బరువు పైన, కుడి పక్క బరువు కింద ఉంటే బొమ్మ వణుకుతూనే ఉంటుంది.

లోపల నీళ్లు పోయవచ్చా?

పోయవచ్చు, ఫలితం నీళ్లు పోసే లోపలి గది ఆకారాన్ని బట్టి ఉంటుంది. ఇది కెల్విన్ చేసి చూసిన ప్రయోగం. ద్రవంతో నిండిన గది పైనా కిందా కాస్త నొక్కినట్టు ఉంటే బొంగరం చక్కగా నిలబడి తిరుగుతుంది, అదే గది కాస్త నిలువుగా సాగి ఉంటే నిలబడనే నిలబడదు. చూడటానికి తేడా దాదాపు తెలియని రెండు బొంగరాలు చేసి పక్కపక్కన తిప్పితే మంచి బొమ్మ అవుతుంది. గది పూర్తిగా నింపండి, గాలి బుడగ మిగలనివ్వకండి.

బిళ్ల చివర్లో వేగం పెంచుకుంటూ గలగలలాడే ఆయిలర్ డిస్క్ సంగతేంటి?

దీన్ని బొమ్మగా తయారు చేసింది జోసెఫ్ బెండిక్. నిజానికి బిళ్ల వేగం పెరగదు, అంచు నేలను తాకే చోటు చుట్టూ పరిగెత్తే వేగం పెరుగుతుంది. బిళ్ల ఎంత పడుకుంటే అంత వేగం. 3.75 సెం.మీ. వ్యాసార్థం ఉన్న బిళ్ల 10 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు ఆ చోటు సెకనుకు 12 చుట్లు తిరుగుతుంది, 1 డిగ్రీకి వచ్చేసరికి 39. తయారీలో చూడాల్సింది మూడే: మంచి బరువు, బాగా గుండ్రం చేసి నున్నగా పాలిష్ పట్టిన అంచు, కాస్త పుటాకారంగా ఉండే గట్టి అద్దం. అద్దం కింద బల్ల కదిలితే ఆట సగానికి పడిపోతుంది.

గాలిలో తేలే బొంగరం ఎందుకు కష్టం?

స్థిర అయస్కాంతాలతో కదలని వస్తువును గాలిలో నిలకడగా నిలపలేమని ఎర్న్‌షా 1842లోనే చూపించాడు. తిరగడం వల్ల దానికి దారి దొరుకుతుందని రాయ్ హారిగన్ 1983లో పేటెంట్ తీసుకుని చూపించాడు. ఎందుకు సాధ్యమో మైకేల్ బెర్రీ 1996లో వివరించాడు. ఇబ్బంది ఏంటంటే అన్నీ ఇరుకు హద్దుల్లో ఉండాలి. నెమ్మదిగా తిరిగితే పడిపోతుంది, మరీ వేగంగా తిరిగినా పడిపోతుంది, ఎందుకంటే అప్పుడు అక్షం చుట్టూ ఉన్న క్షేత్రం దిశకు తగ్గట్టు మలుచుకోలేదు. గ్రాములో చిన్న వంతు బరువు తేడా వచ్చినా, గది వేడెక్కి అయస్కాంతం బలం కాస్త తగ్గినా మళ్లీ సరిచేయాలి. బరువు సరిచేసే వాషర్లు మారుస్తూ గంటలు కూర్చునే ఓపిక ఉంటేనే దిగండి.

మొనకు ఏ పదార్థం వాడాలి?

ఎక్కువసేపు తిరగడమే కావాలంటే గట్టి బంతి: సిరామిక్, టంగ్‌స్టన్ కార్బైడ్, లేదా బేరింగ్‌లో వాడే ఉక్కు బంతి. గట్టి పదార్థం నొక్కుకుపోదు, ఆనే మచ్చ చిన్నదవుతుంది, బ్రేకు తక్కువ పడుతుంది. బంతి సైజుతో బొంగరం తీరు మారుతుంది. పెద్ద బంతి పెడితే వాలుగా వదిలినా గబగబా నిటారుగా లేస్తుంది కానీ తొందరగా ఆగుతుంది. చిన్న బంతి పెడితే లేవడం ఆలస్యం, తిరగడం ఎక్కువసేపు. నేను ముందు పెద్ద బంతితోనే మొదలుపెట్టమంటాను, ఎవరు తిప్పినా పని చేస్తుంది కాబట్టి.

3డీ ప్రింటర్‌తో చేస్తే సరిపోతుందా?

నమూనాకు బ్రహ్మాండంగా సరిపోతుంది. ఆనే ఉపరితలం మాత్రం ప్రింట్ అయినట్టే వదిలేయకండి, పొరల గీతలు నేలను గీరుతూ ఘర్షణను చోటుకో రకంగా మారుస్తాయి. రుద్ది నున్నగా చేయండి లేదా ఉక్కు బంతి అతికించండి. లోపల నింపుడు శాతం మారితే జడత్వ భ్రామకం కూడా మారుతుంది, కాబట్టి కంప్యూటర్ చూపించే అంకెలు గట్టి ఘనానికి సంబంధించినవని గుర్తుంచుకోండి. నమూనాలో బయటి నుంచి తిప్పే స్క్రూలు కొన్ని పెట్టుకుంటే ఎంతో మేలు. మాక్స్‌వెల్ 1857లో చూపించిన బొంగరం కూడా అలాంటిదే, స్క్రూలు తిప్పుతూ గరిమనాభినీ అక్షాలనూ కావలసినట్టు జరుపుకునే వీలు అందులో ఉంది. ప్రతి మార్పుకూ కొత్తగా ప్రింట్ తీయనక్కర్లేదు.

జడత్వ భ్రామకాన్ని ఇంట్లో కొలవడం ఎలా?

రెండు దారాలతో. ఒకే పొడవున్న రెండు సన్నటి దారాలను పక్కపక్కన వేలాడదీసి, వాటికి బొంగరాన్ని కట్టండి. గరిమనాభి సరిగ్గా రెండు దారాల మధ్యలోకి రావాలి. బొంగరాన్ని కొద్దిగా మెలితిప్పి వదిలితే అటూ ఇటూ తిరుగుతూ ఊగుతుంది. పక్కకు లోలకంలా ఊగితే ఆపి మళ్లీ వదలండి, మెలిక ఊపు ఒక్కటే ఉండాలి. ఇరవై ఊపులకు (అటూ ఇటూ కలిపి ఒక ఊపు) పట్టిన సమయాన్ని ఇరవైతో భాగించండి. బరువు, గురుత్వ త్వరణం, దారాల మధ్య దూరం వర్గం, ఊపు సమయం వర్గం, వీటన్నిటినీ గుణించి, దారం పొడవును పై వర్గంతో, 16తో గుణించి భాగిస్తే జవాబు వస్తుంది. ఇక్కడ పై అంటే 3.14.

టిప్పీ టాప్‌కైతే ఇంకా తేలిక. కావలసింది నిష్పత్తే కాబట్టి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా కట్టి, దారాల దూరం, పొడవు మార్చకుండా ఊపు సమయాలు కొలవండి. అడ్డంగా కట్టినప్పటి సమయాన్ని నిలువుగా కట్టినప్పటి సమయంతో భాగించి వర్గం చేస్తే చాలు.

తిరిగే వేగం ఎలా తెలుసుకోవాలి?

అంచు మీద ఒక తెల్ల చుక్క పెట్టి, సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ కెమెరాతో వీడియో తీయండి. చుక్క మళ్లీ అదే చోటికి రావడానికి 12 ఫ్రేములు పడితే సెకనుకు 20 చుట్లు. మామూలు వీడియోలో కొలిస్తే మోసపోతారు, చుక్క వెనక్కి పోతున్నట్టు కూడా కనిపించవచ్చు.

చిన్న పిల్లలకు ఇవ్వవచ్చా?

మూడేళ్ల లోపు పిల్లలకు ఇచ్చే బొమ్మలో ఏ ముక్కా 31.7 మి.మీ. వ్యాసం ఉన్న పరీక్ష గొట్టంలో పట్టేలా ఉండకూడదన్నది బొమ్మల భద్రతా ప్రమాణాల్లో ఉన్న నియమం. పైన ఉదాహరణగా తీసుకున్న 15 మి.మీ. వ్యాసార్థం టిప్పీ టాప్ అందులో పడుతుంది, కాబట్టి అది పెద్ద పిల్లలకే. అతికించిన ఉక్కు బంతులు, నట్లు ఊడిపోతాయేమో లాగి చూడండి, కింద పడేసి కూడా చూడండి. అయస్కాంతాలున్న బొంగరాన్ని చిన్న పిల్లలున్న చోట అసలు ఉంచకండి. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుని పేగుకు రంధ్రం చేస్తాయి. మింగారన్న అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.